మేస్త్రీ మనసు బాగోలేనప్పుడు

ఇల్లు కట్టించుకునేవాళ్లు ఇసుక గురించి, సిమెంటు గురించి, వాస్తు గురించి పదిమందిని అడిగి తెలుసుకుంటారు. పని సగంలో ఉండగా మేస్త్రీ తీరు మారిపోతే ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం దొరకరు. వారం నుంచి ఫోన్ స్విచాఫ్. వచ్చిన రోజున తాపీ పక్కన పడేసి, కలిపిన మాలు గట్టిపడిపోతున్నా గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఇంకోచోట పెయింటర్ తెల్లవారుజామున నాలుగింటికే గేటు తడతాడు, రాత్రి పదయినా నిచ్చెన దిగడు, చెప్పని గదికి కూడా రంగు వేసేస్తాడు. మరోచోట ఎలక్ట్రీషియన్ "ఈ కెమెరాలో నన్ను తీసి ఎవరికి పంపుతున్నారు?" అని ఇంటావిడను నిలదీస్తాడు. భయమూ కోపమూ జాలీ ఒక్కసారిగా ముంచుకొస్తాయి. ఆ వెంటనే ఇచ్చిన అడ్వాన్సు గుర్తుకొస్తుంది.

ఈ ప్రశ్నను ముక్కలు ముక్కలుగా చాలామందే పరిశీలించారు. జబ్బుల గురించి మానసిక వైద్యులు రాశారు. హక్కుల గురించి చట్టం చెప్పింది. ఎండ, ఎత్తు, రసాయనాలు, అప్పు కలిసి కూలి చేసుకునే మనిషిని ఏం చేస్తాయో కార్మిక ఆరోగ్య నిపుణులు చెప్పారు. కానీ గడప దగ్గర ఒక యజమానీ ఒక మేస్త్రీ ఎదురెదురుగా నిలబడినప్పుడు ఇవన్నీ ఎలా పనికొస్తాయో రాసినవాళ్లు తక్కువ. అన్నీ ఒకచోట పెట్టుకుని చూశాక నాకు కలిగిన అభిప్రాయం ముందే చెబుతాను. మేస్త్రీకి ఉన్న జబ్బు పేరు ఇంటి యజమానికి తెలియాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. పని ఎంతవరకు అయింది, డబ్బు ఎంత ముట్టింది, మనిషి ప్రమాదంలో ఉన్నాడా అన్నవి తెలిస్తే చాలు. మనం ఈ మూడింటినీ గాలికి వదిలేసి నోటిమాట మీద, పెద్ద అడ్వాన్సు మీద పని నడిపిస్తాం. ఏ జబ్బూ లేని మేస్త్రీతోనే ఆ పద్ధతి తగాదాలు తెస్తుంది. జబ్బు ఉన్నవాణ్ణి నిలువునా ముంచుతుంది.

ముందుగా లెక్కలు. బెంగళూరు నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 18 ఏళ్లు నిండినవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో ఎక్కువ, అందులోనూ నలభైల వయసులో మరీ ఎక్కువ. మేస్త్రీలు సొంతంగా పనులు ఒప్పుకునే వయసు సరిగ్గా అదే. వైద్యం అందనివాళ్ల వాటా జబ్బును బట్టి మారుతుంది కానీ తీవ్రమైన జబ్బుల్లోనే నూటికి 70 మంది దాటుతోంది, మద్యం సమస్యల్లో 86 దాకా ఉంది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. తమిళనాడు, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి కాబట్టి మన పరిస్థితి మరీ వేరుగా ఉంటుందని అనుకోవడానికి కారణం లేదు. ఇక దేశంలో 2021లో ఆత్మహత్య చేసుకున్న 1,64,033 మందిలో 42,004 మంది రోజు కూలీలేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అంటే ప్రతి నలుగురిలో ఒకరు. మరుసటి ఏడాది ఆ వాటా 26.4 శాతానికి పెరిగింది. రైతు ఆత్మహత్య మీద మన పత్రికలు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నాయి, రాయాల్సిందే. రోజు కూలీ చావు మీద అంతగా రాయలేదు.

ఈ పని చేసేవాళ్ల మనసు ఎందుకు చెడుతుందో కొంత వరకు ఆ పనిలోనే కనిపిస్తుంది. పెయింటర్ల సంగతి తీసుకోండి. టర్పెంటైన్, థిన్నర్ లాంటి ద్రావకాల ఆవిరి ఏళ్ల తరబడి పీల్చిన పెయింటర్లలో మతిమరుపు, చిరాకు, దిగులు, ఏకాగ్రత లేకపోవడం కనిపిస్తున్నాయని డెన్మార్క్, స్వీడన్ వైద్యులు 1970ల్లోనే గుర్తించారు. అక్కడ దాన్ని వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా లెక్కగట్టి పరిహారాలు ఇచ్చారు, నీళ్లలో కలిపే రంగుల వైపు మళ్లారు. మన దగ్గర గోడలకు నీటి రంగులు వచ్చేశాయి గానీ తలుపులకు, కిటికీ గ్రిల్స్‌కు ఎనామిల్, చెక్కకు పాలిష్, మెలమైన్ స్ప్రే ఇప్పటికీ ద్రావకంతోనే. ఏసీ గదిలో కిటికీలు మూసి, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని స్ప్రే కొట్టే కుర్రాణ్ణి మీరూ చూసే ఉంటారు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఆ పాత తలుపుకు సాండ్‌పేపర్ పెట్టినప్పుడు లేచే దుమ్ము పీల్చేది పెయింటరే. ఒంట్లో పేరుకున్న సీసం నరాలనూ మెదడునూ దెబ్బతీస్తుంది. వెల్డింగ్ పొగలో ఉండే మాంగనీసు కూడా ఎక్కువైతే చేతుల వణుకుతో పాటు మనిషి స్వభావాన్నే మార్చేస్తుంది.

ఇక మద్యం. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ "మేస్త్రీ తాగుతాడండీ" అనే మాట వింటాం, దానితో ఆ సంగతి ముగిసిపోయినట్టు మాట్లాడతాం. అసలు ప్రమాదం చాలాసార్లు మేస్త్రీ తాగడం మానేసినప్పుడు వస్తుంది. ఏళ్లపాటు రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో వణుకు, చెమటలు, కొందరిలో ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేనివాళ్లతో మాట్లాడతారు, ఎక్కడున్నారో తెలియదు. వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితిలో చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. అయ్యప్ప మాల వేసుకున్నాడనో, భార్య ఒట్టు పెట్టించుకుందనో మానేసిన మేస్త్రీ మూడో రోజు పరంజా మీద వణుకుతుంటే అతన్ని వెంటనే కిందికి దింపాలి, ఆస్పత్రికి పంపాలి. తెలంగాణలో దీనికి కల్లు తోడవుతుంది. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. అవి ఒక్కసారిగా దొరక్కపోతే మద్యం ఆపినప్పటిలాగే ప్రమాదం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు, వైన్‌షాపులు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తారు. వారిలో కూలి పనులు చేసుకునేవాళ్లు ఎందరో.

మిగతా జబ్బులు పని చోట ఎలా కనిపిస్తాయన్నది వైద్య పుస్తకాల్లో ఉండదు కాబట్టి కొంచెం చెప్పాలి. దిగులు జబ్బు పట్టిన మేస్త్రీ ఏడుస్తూ కనిపించడు. పొద్దున లేవలేడు, పదింటికి వస్తాడు, కొలత తీసుకుని మర్చిపోతాడు, ఫోన్ ఎత్తడు. ఒళ్లునొప్పులు, కడుపులో మంట అని ఆర్‌ఎంపీ దగ్గరకు తిరుగుతాడు. దానికి పూర్తిగా ఎదురు, బైపోలార్ జబ్బులో వచ్చే ఉద్రేకపు దశ. అప్పుడు అతన్ని మించిన పనిమంతుడు ఉండడనిపిస్తుంది. ఎక్కడా లేని తక్కువ రేటు చెబుతాడు, నెలలో అయ్యే పని పది రోజుల్లో చేసేస్తానంటాడు, ఒకేసారి ఐదు ఇళ్లు ఒప్పుకుంటాడు, అప్పు చేసి కొత్త మిషన్లు కొంటాడు, నిద్ర అక్కర్లేదంటాడు. రెండు నెలలకు ఆ ఊపు దిగిపోతుంది. ఐదిళ్లవాళ్లూ అతని ఇంటి ముందు నిలబడతారు. అనుమానపు జబ్బులో మనిషి పని చేస్తూనే ఉంటాడు కానీ, గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుతున్నారంటాడు, టీలో ఏదో కలిపారంటాడు.

ఇది చదివి ఎవరూ వైద్యులు కావద్దు. మన దగ్గర కనిపించకుండా పోయే మేస్త్రీల్లో ఎక్కువమందికి ఏ జబ్బూ ఉండదు. మూడు సైట్లు ఒప్పుకుని ఒకరి అడ్వాన్సుతో మరొకరి పని నడిపిస్తుంటారంతే. రాకపోవడానికి కారణం జబ్బా, జరుగుబాటా అన్నది బయటి నుంచి తేల్చలేం. తేల్చాల్సిన పనీ లేదు.

మా అక్కయ్య ఇంట్లో టైల్స్ వేసినప్పుడు ఒక మేస్త్రీని దగ్గర నుంచి చూశాను. చేతిలో మంచి పనితనం. హాల్లో ఒక వరుస పరిచి రసమట్టం పెట్టాడు, గాలిబుడగ సరిగ్గా నడిమధ్యలో ఉంది. రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేసి, తలొంచి చెంప నేలకు ఆనించి చూసి, టైలు లేపేశాడు. కింద మాలు గీకేసి, మళ్లీ సిమెంటు పాలు పోసి, మళ్లీ పరిచి, మళ్లీ రసమట్టం. మధ్యాహ్నం దాకా అదే వరుస. హెల్పర్ కుర్రాడు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, ఇలాంటివి చూడటం వాడికి అలవాటే. అక్కయ్య కొంతసేపు చూసింది. కేకలు వెయ్యలేదు, ఏమైందని కూడా అడగలేదు. "మేస్త్రీ, ఈ పూటకు కిటికీ దగ్గర నుంచి స్తంభం దాకా. నాలుగింటికి నేనొచ్చి చూస్తా. నేను బాగుందంటే ఆ ముక్క అయిపోయినట్టే, మళ్లీ లేపొద్దు. సరేనా?" అంది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "మీరు చూసి చెప్పండమ్మగారూ, నాకు నమ్మకం కుదరడం లేదు" అన్నాడు. నాలుగింటికి ఆవిడ వెళ్లి చూసి బాగుందంది. మరునాటి నుంచి అదే పద్ధతి. పని అనుకున్నదాని కంటే ఆలస్యమైంది, అయినా పూర్తయింది. అతనికి ఉన్నది జబ్బా, చాదస్తమా మాకు తెలియదు. అక్కయ్య అడగలేదు, అతను చెప్పలేదు. పనిని చిన్న ముక్కలు చేసి ప్రతి ముక్కకూ ఒక ముగింపు పెట్టడం వల్ల ఇద్దరికీ ఊపిరాడింది.

అదే సూత్రం డబ్బుకు మరింతగా వర్తిస్తుంది. గృహరుణం ఇచ్చే బ్యాంకు మనకు మొత్తం ఒకేసారి ఇవ్వదు. పునాదికి కొంత, లింటెల్ లెవెల్‌కు కొంత, శ్లాబ్‌కు కొంత, చూసి విడుదల చేస్తుంది. అదే మనం మేస్త్రీ దగ్గరకు వచ్చేసరికి, పండగనో, కూతురి ఫీజు అనో అడిగితే పనికి ముందే సగం ఇచ్చేస్తాం, లేదా పని అయిపోయినా సగం తొక్కిపట్టి ఉంచుతాం. రెండూ చెడ్డవే. పనికి మించిన అడ్వాన్సు తీసుకున్న మనిషికి మనసు కుంగితే, ఆ డబ్బే అతను తిరిగి రావడానికి అడ్డుగోడ అవుతుంది. నలభై వేలు వాడేసుకున్నాడు, పది వేల పని చేశాడు, మొహం ఎలా చూపించాలి? రోజు గడిచేకొద్దీ ఆ సిగ్గు పెరుగుతుంది, ఫోన్ మోగితే గుండె దడ. చివరికి స్విచాఫ్ చేస్తాడు. "మోసగాడు" అంటాం. డబ్బు పని వెంట నడిచి ఉంటే అతను ఏ రోజున ఆగిపోయినా ఇద్దరి లెక్కా దాదాపు సరిపోయేది. అందుకని సామాను యజమానే కొని బిల్లు తన దగ్గర పెట్టుకోవాలి, కూలి మాత్రమే మేస్త్రీకి ముట్టాలి, అదీ వారం వారం శనివారం నాడు కొలిచిన పనికి. ఒక నోటుపుస్తకంలో తేదీ, పని, మొత్తం, ఇద్దరి సంతకం. చదువు రాని మేస్త్రీ అయితే హెల్పర్ చేత చదివించి వినిపించాలి. ఇది అతని మీద అపనమ్మకంతో చేసేది కాదని మొదటి రోజే చెబితే ఎవరూ తప్పు పట్టరు. మతిమరుపు, అనుమానం ఉన్న మనిషికి ఆ పుస్తకం యజమాని కంటే ఎక్కువ ఆసరా.

చట్టం ఈ విషయంలో మనం అనుకునే దానికంటే స్పష్టంగా ఉంది. "వాడికి మతి లేదు, వాడితో ఒప్పందం చెల్లదు, డబ్బివ్వక్కర్లేదు" అనే మాట తరచూ వినిపిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను చూసేది ఒప్పందం చేసుకునే వేళకు మనిషికి దాన్ని అర్థం చేసుకుని మంచిచెడ్డలు నిర్ణయించుకునే శక్తి ఉందా అన్నదే. మామూలుగా మతి స్థిమితం లేనివాడు కూడా స్థిమితంగా ఉన్నప్పుడు చేసుకున్న ఒప్పందం చెల్లుతుందని అందులోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో అడుగు ముందుకు వేసి, మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, మనిషిని మతి స్థిమితం లేనివాడిగా పరిగణించరాదని చెప్పింది. ఒకవేళ ఒప్పందమే చెల్లదనుకున్నా, ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల మీరు లాభం పొందితే దానికి ప్రతిఫలం ఇవ్వాల్సిందేనని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను చెబుతోంది. గోడ మీ ఇంట్లో నిలబడి ఉంటే కూలి బాకీ కూడా నిలబడే ఉంటుంది.

అలాగని యజమాని కట్టుబడి పోయాడని కాదు. పని బాగోకపోయినా, సాగకపోయినా మేస్త్రీని మార్చుకునే హక్కు అతనికి ఉంది. జబ్బు మనిషి కదా అని కూలిపోయే గోడను భరించక్కర్లేదు. మార్చేటప్పుడు పద్ధతి ఉండాలి. ఇద్దరికీ తెలిసిన మూడో మనిషిని, ఇంజినీరో మరో పెద్ద మేస్త్రీయో, పిలిచి పని కొలిపించాలి, ఫోటోలు తీసుకోవాలి, రావలసిందీ పోవలసిందీ కాగితం మీద తేల్చి అక్కడికక్కడే ఇచ్చేయాలి. అతని సామాన్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పట్టి ఉంచకూడదు. తాపీ, బద్ద, కటింగ్ మిషన్, డ్రిల్లు లేకపోతే రేపు ఇంకో చోట కూలికి వెళ్లలేడు. బాకీ రాబట్టుకోవడానికి పనిముట్లు లాక్కోవడం అతని పొయ్యి ఆర్పేయడమే, పైగా పోలీసు కేసుకు దారి మనమే వేసినట్టు అవుతుంది. ఎలక్ట్రీషియన్ సగంలో మానేస్తే వేరేవాళ్లతో వైరింగు మొత్తం పరీక్ష చేయించే దాకా ఆ సర్క్యూట్ ఎంసీబీ ఎత్తకూడదు. ప్లంబర్ అయితే కన్సీల్డ్ పైపుల మీద టైల్స్ వేయకముందే నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఇవి ఎవరు మానేసినా చేయాల్సినవే.

కాలనీ వాట్సాప్ గ్రూపు సంగతి వేరే చెప్పాలి. "ఫలానా పెయింటర్‌ని పిలవకండి, మెంటల్" అని పెట్టిన ఒక్క మెసేజ్ గంటలో నాలుగు అపార్టుమెంట్లు తిరుగుతుంది. అతను బతికేది ఆ నాలుగు అపార్టుమెంట్ల మీదే. పని గురించి చెప్పొచ్చు, అడిగినవాళ్లకు "అనుకున్న టైముకు పూర్తి చేయలేదు, నేను డబ్బు విడతలుగా ఇచ్చి ఉంటే బాగుండేది" అనొచ్చు. అతని మాత్రల గురించి, అతని భార్య మనతో చెప్పుకున్న మాట గురించి చెప్పడానికి మనకు ఏ హక్కూ లేదు. జబ్బు వివరాలు గోప్యంగా ఉండాలన్నది 2017 చట్టం రోగికి ఇచ్చిన హక్కు. అది ఆస్పత్రుల మీద పెట్టిన బాధ్యతే అయినా, ఇంటివాళ్లు పాటించకపోతే ఆస్పత్రి పాటించి ప్రయోజనం ఉండదు.

వైద్యం తీసుకుంటూ పనికి వచ్చే మేస్త్రీలున్నారు. వాళ్ల విషయంలో యజమాని తెలుసుకుని తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటి మీద మన భాషలో నాకు ఎక్కడా సరైన రాత కనిపించలేదు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం మాత్రకు ఒంట్లో నీళ్లు తగ్గడం పడదు. చెమట ధారగా పోయి, నీళ్లు తాగకపోతే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. మొదట చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట తడబడడం, ఆపైన స్పృహ తప్పడం. రోహిణి కార్తెలో శ్లాబ్ మీద పని చేసే మనిషికి ఇది నిజమైన ముప్పు. నడుం నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కూడా లిథియంను రక్తంలో పెంచుతాయి. ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి సూదీ అంతే. సైకోసిస్‌కు, అంటే పైన చెప్పిన అనుమానపు జబ్బు లాంటివాటికి, వాడే మందులు కొన్ని ఒంటి వేడి అదుపు తప్పేలా చేస్తాయి. వాటితో పాటు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమట పట్టనివ్వదు, వడదెబ్బ తొందరగా తగులుతుంది. రాత్రి వేసుకున్న మాత్ర మత్తు పొద్దున తొమ్మిది దాకా వదలకపోవచ్చు.

ఇవేవీ తెలియకపోయినా, జబ్బు పేరు అడక్కపోయినా యజమాని చేయగలిగింది చాలా ఉంది. ఎండాకాలంలో పన్నెండు నుంచి నాలుగు దాకా పని ఆపడం, నీళ్లు, మజ్జిగ చేతికి అందేలా పెట్టడం, పొద్దున మత్తుగా ఉన్నానంటే ముందు కింది పని చేయించడం, ఎత్తు మీద ఒక్కణ్ణే వదలకపోవడం. మందులు మానెయ్యమనడం మాత్రం ఘోరమైన పని. "ఇవన్నీ మత్తు మందులు, అలవాటవుతాయి" అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఒక్కసారిగా ఆపేసిన మందు మనిషిని మళ్లీ మొదటికి తెస్తుంది, కొన్నిసార్లు మొదటి కంటే కిందికి.

మాట్లాడటం ఎలా? కనబడ్డ పని గురించి మొదలుపెట్టడం మేలు. "అన్నా, మూడు రోజులుగా నువ్వు ఇదివరకటిలా లేవు. నిద్ర పడుతోందా?" అని ఒక్కడే ఉన్నప్పుడు, హెల్పర్ల ముందు కాకుండా. నిద్ర గురించి అడిగితే ఎవరూ అవమానపడరు, చాలామంది అక్కడే మనసు విప్పుతారు. చెప్పకపోతే వదిలేయాలి. అనుమానం మాట్లాడుతుంటే కాదని వాదించి గెలవలేం, అవునని తలాడించడమూ తప్పే. "నాకు అలా కనిపించడం లేదు, నీకు భయంగా ఉందని మాత్రం అర్థమవుతోంది. కావాలంటే ఆ గదిలో కెమెరా ఆపేస్తా" అనడం ఒక దారి. పని మొదలయ్యే రోజునే "నీకు ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయమంటావు?" అని అడిగి ఆ నంబరు నోటుపుస్తకంలో రాసుకోవడం మంచిది. మేస్త్రీలు తరచూ భార్యతోనో బామ్మర్దితోనో జట్టుగా పని చేస్తారు. అతను చెప్పిన మనిషికే చెప్పాలి, జట్టు మొత్తానికి కాదు.

చచ్చిపోతానన్న మాట వినిపిస్తే దాటవేయకూడదు. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. అడిగితే బరువు దిగుతుంది. పురుగుమందు, తాడు, ఎత్తు, వీటికి దూరంగా ఉంచి, ఒంటరిగా వదలకుండా, అతను చెప్పిన మనిషి వచ్చే దాకా దగ్గరుండాలి. కేసవుతుందన్న భయం అక్కర్లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 చట్టం 115వ సెక్షను చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నాన్ని మినహాయిస్తే, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షను లేదు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. యజమాని కూడా ఆ నంబరుకు ఫోన్ చేసి, పేరు చెప్పకుండా, ఏం చేయాలో అడగవచ్చు.

హింస సంగతి. మానసిక జబ్బు ఉన్నవాళ్లు ఇతరులపై దాడి చేయడం కంటే వాళ్ల మీద దాడి జరగడమే ఎక్కువ. మద్యం, మాదకద్రవ్యాల అలవాటు లేనివాళ్లను చూస్తే, ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన మానసిక రోగుల్లో హింస ఇరుగుపొరుగు వాళ్లలో కంటే పెద్దగా ఎక్కువ లేదని 1998లో వెలువడిన అమెరికన్ మెకార్థర్ అధ్యయనం తేల్చింది. అయినా ఒంటరిగా ఇంట్లో ఉన్న ఆడమనిషికి గణాంకాలు ధైర్యం ఇవ్వవు, ఇవ్వాలని ఆశించడమూ న్యాయం కాదు. మీరే తనకు హాని చేస్తున్నారని అతను నమ్ముతూ చేతిలో పనిముట్టు పట్టుకుని అరుస్తుంటే మాటలు అనవసరం. తలుపు దారి వదిలి, మీరు బయటికి వచ్చేసి, 112కు ఫోన్ చేయాలి. "మానసికంగా బాగోలేదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి" అని ఆ మాటే చెప్పాలి. ఎందుకంటే 2017 చట్టం 100వ సెక్షను ప్రకారం, తనకో ఇతరులకో ప్రమాదంగా ఉన్న మానసిక రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల లోపల దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఈ సంగతి కానిస్టేబులుకు గుర్తు చేయాల్సిన అవసరం కూడా రావచ్చు. కట్టేయడం, కొట్టడం చేయకూడదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు పాకకు నిప్పంటుకుని కాలిపోయారు. ఆ తరవాతే దేశం కాస్త కళ్లు తెరిచింది.

ఇతర దేశాలు ఏం చేశాయో కూడా చూడాలి. ఇంగ్లండులో 2011-15 మధ్య నిర్మాణరంగంలో నైపుణ్యం అక్కర్లేని పనులు చేసే మగవాళ్లలో ఆత్మహత్యలు దేశ సగటు కంటే 3.7 రెట్లు, ప్లాస్టరింగ్, పెయింటింగ్ పనివాళ్లలో రెట్టింపుకు పైగా ఉన్నాయని అక్కడి గణాంక కార్యాలయం 2017లో బయటపెట్టింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2008లో మొదలైన మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్ అనే కార్యక్రమం సైట్లలో తోటి కూలీలకే శిక్షణ ఇచ్చి, కుంగిపోతున్నవాణ్ణి గుర్తుపట్టి సాయానికి చేర్చేలా చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పని చోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మేనేజర్లకు శిక్షణ ఇవ్వండి, పని భారం తగ్గించండి అంటుంది. మంచి మాటలే. కానీ మన మేస్త్రీకి మేనేజర్ లేడు. పొద్దున ఆరింటికి అడ్డా మీద నిలబడతాడు, పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి ఉంటాడు, ఈ వారం ఒక ఇల్లు, వచ్చే వారం ఇంకో ఇల్లు. ఆ మార్గదర్శకాలు మన దగ్గరకు వచ్చేసరికి వాటిని అందుకునే చెయ్యి ఉండదు.

ఆ చెయ్యి ఎవరిది కావచ్చు అంటే నాకు హార్డ్‌వేర్ దుకాణదారు, రంగుల డీలరు గుర్తొస్తారు. ఊళ్లో ఏ పెయింటర్ ఎక్కడ పని చేస్తున్నాడో, ఎవరు నెల రోజులుగా కనిపించడం లేదో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. రంగుల కంపెనీలు డీలర్ల దగ్గరే పెయింటర్లతో సమావేశాలు పెట్టి భోజనాలు పెడతాయి, డబ్బాల్లో టోకెన్లు ఇస్తాయి. అదే సమావేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లను పిలిచి అరగంట మాట్లాడిస్తే, కౌంటర్ వెనక గోడ మీద 14416 అంటిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా మన పక్కనే బళ్లారిలో 1980ల్లో రూపుదిద్దుకుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరే మామూలు మానసిక జబ్బులకు మందులు ఇవ్వగలడని అక్కడ చూపించారు. భవన నిర్మాణ కార్మికుల పేరు చెప్పి కట్టడాల మీద సెస్సు వసూలు చేస్తున్నారు. ఆ డబ్బుతో పెట్టే వైద్య శిబిరంలో బీపీ, షుగర్, కళ్లు చూస్తున్నప్పుడు నిద్ర గురించి, తాగుడు గురించి నాలుగు ప్రశ్నలు అడగడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

చివరిగా, తిరిగి వచ్చిన మనిషి సంగతి. ఎర్రగడ్డలోనో విశాఖ మానసిక ఆస్పత్రిలోనో జిల్లా ఆస్పత్రి ఓపీలోనో చూపించుకుని, రెండు మూడు నెలలకు కుదురుకుని, మళ్లీ పని అడగడానికి వస్తాడు. చాలామంది యజమానులు గేటు దగ్గరే "ఇప్పుడేం లేదు, తరవాత చూద్దాం" అంటారు. పని లేకపోతే మందులు కొనడానికి డబ్బుండదు, ఊరికే కూర్చుంటే పాత ఆలోచనలు తిరిగొస్తాయి. పాత బాకీ ఉంటే దాన్ని మొదటి రోజే తేల్చి, వదిలేసేది వదిలేసి, మిగిలింది వారానికి కొంత చొప్పున కూలిలో తగ్గించుకుందామని నోటుపుస్తకంలో రాసుకోవాలి. మొదటి వారం గుత్త ఇవ్వకుండా రోజు కూలికి పెట్టుకోవాలి. కాంపౌండు గోడకు సున్నమో, కింది గదిలో పుట్టీయో, నేల మీద నిలబడి చేసే పని. తొమ్మిదిన్నరకు వస్తానంటే రానివ్వాలి. నెలకోసారి ఆస్పత్రికి వెళ్లే రోజు ముందే చెప్పమనాలి, ఆ రోజు రాలేదని ఫోన్లు చేయకూడదు. పని నిలకడగా ఉందనిపించాకే గది పని గుత్తకు ఇచ్చి, నిచ్చెన ఎక్కించాలి.